కనజావా చలికి కలిపిన లక్క

మా బావ ఇక లేడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను భూపాలపల్లిలో, గుమాస్తాగా పనిచేసే పాఠశాలలో, హాజరు పట్టీ రాస్తున్నాను. "మీ బావ పోయిండు తమ్మీ. పొద్దున చాయ్ తాగి గోడకు ఒరిగిండు, గంతే" అన్నది. అక్క ఏడవలేదు. నేనూ ఏడవలేదు. రాస్తున్న పేరు పూర్తిచేసి, కలానికి మూత పెట్టి, సెలవు చీటీ ఇచ్చి జనగామ బస్సెక్కాను.

నేను చేరేసరికే మా వీధి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో బావ నల్లని ఉన్ని కోటు తొడుక్కొని, మోకాలిలోతు మంచులో నిలబడి నవ్వుతున్నాడు. వెనుక జపాను ఇళ్ల కప్పులు కనిపిస్తున్నాయి. ఇంట్లో ఆయన దేహం ఉంది, అక్క ఉంది. నేను మాత్రం ఆ బొమ్మ ముందు ఆగిపోయాను. దుఃఖం కంటే ముందు నాకు అసూయ కలిగింది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. కాని దీన్ని దాచిపెట్టి బావను గురించి ఏమి రాసినా అది అబద్ధమే అవుతుంది.

బావ ఇత్తడి రేకుల మీద నగిషీ చెక్కే పనివాడు. నేను అయిదో తరగతితో బడి మానేసి ఆయన కార్ఖానాలో చేరాను. ఇరవై దాటిన తర్వాత రాత్రిబడికి వెళ్లి పదో తరగతి, ఇంటర్, ఆపైన డిగ్రీ పూర్తిచేశాను. మా బంధువర్గంలో సుత్తి పట్టిన చేతితో పట్టా అందుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి చెప్పుకోవడానికి నేనెన్నడూ సంకోచించలేదు. అయితే సాయంత్రం నేను బడికి లేచినప్పుడు సగంలో వదిలిన రేకు మర్నాటికల్లా పూర్తయి ఉండేదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పడం న్యాయం. బావ దాని ఊసు ఎత్తేవాడు కాదు. పొద్దున నేను కూర్చోగానే, "ఏం సదివినవ్ బామ్మర్ది, మాకు గూడ జర చెప్పు" అని మాత్రం అడిగేవాడు. నేను చెబుతుంటే సుత్తి ఆపకుండానే వినేవాడు. రెండు రోజుల తర్వాత ఆ పాఠంలోనే ఏదో ఒకటి అడిగి నన్ను ఇరకాటంలో పెట్టేవాడు.

మా పనిలో రేకు కంటే లక్క ముఖ్యం. రేకును వట్టి బల్ల మీద పెట్టి కొడితే చిరుగుతుంది. కరిగించిన లక్కలో ఇటుకపొడి, నూనె కలిపి, పలకగా పరచి, దాని మీద రేకును అతికించి ఉలితో కొట్టాలి. దెబ్బ పడినచోట లక్క ఒదిగి రేకుకు చోటిస్తుంది. చలికాలంలో నూనె పెంచకపోతే లక్క రాయిలా బిగుసుకొని పగులుతుంది. ఎండాకాలంలో ఇటుకపొడి పెంచకపోతే రేకు కుంగిపోతుంది. ఈ పాళ్లు ఏ పుస్తకంలోనూ లేవు. బావ చిన్న ముద్ద తుంచి, పంటితో కొరికి చూసి చెప్పేవాడు. మహబూబాబాద్‌కు పనికి పోయినా ఒక పూట అక్కడి ఎండలో తిరిగిన తర్వాతే లక్క కలిపేవాడు. "లక్కకు ఊరు తెల్వాలె" అనేవాడు.

ఎనిమిదేళ్ల కిందట కనజావా నుంచి ఉత్తరం వచ్చింది. అది జపానులో సముద్రం దగ్గర ఉన్న నగరం, చేతిపనులకు పేరుపడ్డది. మా రేకులను ఏదో ప్రదర్శనలో చూసిన అక్కడివారు, ఒక పనివాడు వచ్చి పదిరోజులు జనం ముందు కూర్చొని పనిచేసి చూపాలని కోరారు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. వీధివాళ్లంతా చుట్టూ నిలబడగా నేనే చదివి తెలుగులో చెప్పాను. పరాయిదేశం వెళ్లేవాడికి నాలుగు మాటలు రావాలి కనుక ఆ ఒక్కడూ నేనే అని నిశ్చయించుకున్నాను. ఆ మాటే బావతో అన్నాను.

"వాళ్లు పిలిచింది చెయ్యిని బామ్మర్ది, నోటిని గాదు" అన్నాడు బావ.

కార్ఖానాలో అందరూ నవ్వారు. బావా బామ్మర్దుల మధ్య అట్లాంటి మాటలు రోజూ నడిచేవే. కాని అది నిజం కావడం వల్ల నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

పెట్టె సర్దే పని మాత్రం నాకే అప్పగించారు, చదవగలవాణ్ణి కనుక. ఉలులను చేతిసంచిలో పెడితే విమానంలోకి రానివ్వరని నేనే తెలుసుకొని చెప్పాను. ఒక్కొక్క ఉలినీ అక్క పాత చీర పేలికలో చుట్టి పెద్ద పెట్టె అడుగున పేర్చాను. మొదట వసంతంలో రమ్మన్నారు. పెట్టె సిద్ధమయ్యాక వానాకాలానికి మార్చారు. పలుచని చొక్కాలు తీసి గొడుగు, రబ్బరు చెప్పులు పెట్టాను. అదీ వాయిదా పడి, చివరకు జనవరికి ఖాయమైంది. తాను వెళ్లని ప్రయాణానికి ఒకే పెట్టెను మూడు కాలాలకు సర్దిన మనిషి ఎట్లా ఉంటాడో ఊహించండి. ప్రతిసారీ బావ ఒకటే అడిగేవాడు: అక్కడ ఎండెంత, చలెంత? ఈసారి లక్క ఇక్కడే కలుపుకొని పోవాలి కదా. మొదటి రెండుసార్లు నేను చదివినదంతా ఉన్నదున్నట్టు చెప్పాను.

జనవరి అని తేలిన వారంలోనే ఊరి పెద్దలు సభ పెట్టి ఆయనకు శాలువా కప్పారు. ఉత్తరాలన్నీ చదివి జవాబులు రాసినవాడి పేరు వేదిక మీద ఎవరూ ఎత్తలేదు. ఇంటికి వచ్చి, శాలువా మడిచి అక్క చేతికిచ్చి, బావ నన్ను అడిగాడు. "గప్పుడు ఆడ చలి ఎట్లుంటది?"

ఆ నెలలో కనజావాలో ఇళ్ల కప్పుల మీద మంచు పేరుకుంటుందని నాకు తెలుసు. పెట్టె తాళం సరిచూస్తూ, "మన జనగామ చలే బావా. పెద్ద ఫరక్ లేదు" అన్నాను.

పరాయివాళ్ల ముందు ఆయన లక్క పగలాలని కోరుకున్నాను. ఇంతకంటే మర్యాదైన మాట దానికి లేదు. కాని నాలుగు రోజులకు ఇంకొక ఆలోచన పట్టుకుంది. పని చెడితే చెడనీ, మనిషి చలికి వణకకూడదనిపించింది. రైలెక్కి డోర్నకల్ వెళ్లి, నాకు పరిచయమున్న ఒక రిటైరైన రైల్వే గార్డును అడిగి ఆయన ఉన్ని కోటు తెచ్చాను. విమానంలో ఏసీ ఎక్కువగా ఉంటుందట అని చెప్పి పెట్టెలో పెట్టాను. బావ కోటును చేతితో తూచి చూసి, "మస్తు బరువున్నది" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. అక్క సకినాల డబ్బా, మామిడికాయ తొక్కు పచ్చడి డబ్బా తెచ్చిస్తే వాటినీ సర్ది పెట్టె మూశాను.

ఆయన తిరిగి వచ్చిన రోజు వీధంతా మా వాకిట్లోనే ఉంది. మంచు గురించి, మనుషులు వంగి దండం పెట్టడం గురించి చెప్పి, బావ అసలు సంగతికి వచ్చాడు. మొదటినాడు లక్క బిగుసుకుపోయిందట. ఏం చేయాలో తోచక, పెట్టెలో ఉన్న తొక్కు డబ్బా తీసి, దాని నూనె రుమాలుతో వడగట్టి లక్కలో పోశాడట. హాలంతా మామిడికాయ తొక్కు వాసన వచ్చిందట. ఒక ముసలాయన దగ్గరికి వచ్చి వాసన చూసి వరుసగా తుమ్మితే, జనం అదీ పనిలో భాగమే అనుకొని చప్పట్లు కొట్టారట. అందరూ పొట్ట పట్టుకొని నవ్వుతుండగా బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ డబ్బ సర్ది పెట్టింది నా బామ్మర్ది. లేకుంటే ఆడ నా ఇజ్జత్ పోతుండె."

నేను నేల చూశాను. అంతవరకు ఆయన చేతిపనిని చూసి మాత్రమే కుళ్లుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన మనసును చూసి కూడా కుళ్లుకున్నాను. మరుసటి ఏడు భూపాలపల్లిలో ఉద్యోగం దొరికింది. చదువుకు తగిన పని అని అందరికీ చెప్పి వెళ్లిపోయాను. నిజానికి ఆయన ఎదుట కూర్చొని రేకు కొట్టడం ఇక నా వల్ల కాలేదు. పండుగలకు వచ్చినప్పుడు, "గుమాస్తా సారు వచ్చిండు, కుర్సీ వెయ్యుర్రి" అని నవ్వేవాడు. నాకు తెలిసి ఆ నవ్వులో ఎన్నడూ ముల్లు లేదు. ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

పదకొండో రోజు చుట్టాలు వెళ్లిన తర్వాత అక్క దగ్గర కూర్చున్నాను. బావకు చెప్పలేనిది ఆమెకైనా చెప్పాలనుకున్నాను.

"అక్కా, ఆనాడు చలి సంగతి నేను అబద్ధం చెప్పిన."

"ఎరుకే" అన్నది అక్క. "ఆయనకు గూడ ఎరుకే. నువ్వు కోటు తెచ్చిన నాడే నాతోని చెప్పిండు. 'జనగామ చలికైతే డోర్నకల్ దాక పోయి కోటెందుకు తెస్తడే వీడు' అని ఒకటే నవ్వుడు. గప్పుడే పోయి లక్కల ఇంకింత నూనె పోసి కలిపిండు."

"మరి తొక్కు నూనె?"

"తొక్కు డబ్బ ఎట్ల పోయిందో గట్లనే వచ్చింది. మూత గూడ తియ్యలే. తర్వాత మనమే తింటిమి. నువ్వు గూడ తింటివి."

ఆయన నన్ను ఎందుకు నిలదీయలేదని అడిగాను.

"అడిగితే నువ్వు మళ్ల ఈ గడప తొక్కుతుంటివా తమ్మీ?" అన్నది అక్క.

కార్ఖానాలో ఆయన చివరగా కొడుతున్న రేకు ఇంకా పలకకు అతికే ఉంది. దాన్ని విడదీసి ఇమ్మన్నది అక్క. మిగిలిన పని వేరే పనివాడు చేస్తాడట. సన్నని సెగ చూపించి రేకును లేపాను. లక్కను కరిగించి గిన్నెలో పొయ్యమన్నది. నేను పొయ్యలేదు. ఆయన కొట్టిన ప్రతి దెబ్బా దానిలో గుంటగా నిలిచి ఉంది. ఒక పూలతీగ పలక పొడవునా పాకి, సగం విచ్చిన పువ్వు దగ్గర ఆగింది. అంత సన్నని గీత నా చేతికి ఏనాడూ రాలేదు, ఇక రాదు.

ఆ పలక ఇప్పుడు భూపాలపల్లిలో, నా గది కిటికీ పక్కన బల్ల మీద ఉంది. అది జనగామ చలికి కలిపిన లక్క. ఇక్కడ ఎండలు ముదురుతున్నాయి. మధ్యాహ్నం ఎండ కిటికీ వైపు మళ్లినప్పుడల్లా తీగ అంచులు కొద్దికొద్దిగా పూడుకుపోతున్నాయి. పువ్వు మాత్రం ఇంకా కనిపిస్తోంది.