చైన్ తెగిన కొండకే మళ్లీ: రేవు నుంచి సింహాచలం దాకా పాత బండి మీద

నా బండి ఇక ఎక్కనని మా ఆవిడ రత్నం భీష్మించుకుని అప్పటికి నెల దాటింది. డెబ్బైల నాటి మూడువందల యాభై సీసీ బండి అది. ఎవరో తుక్కు కింద తోసేస్తుంటే కొని, ఒక్కో సామానూ వెతికి వేయించి నిలబెట్టుకున్నాను. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ఒక మలుపులో చైన్ తెగిపోయింది. ఇంజను గోలపెడుతోంది, బండి మాత్రం వెనక్కి జారుతోంది. రత్నం గభాలున దూకేసింది. మోకాలు చెక్కుకుపోయింది. రోడ్డు పక్కన కూర్చుని, "ఇద్దరం ఎక్కనేని బండి మనకెందుకు మావా? అమ్మేసీ" అంది. పరవాడ ఆసామి ఒకాయన ఎప్పటి నుంచో దాన్ని అడుగుతున్నాడు కూడా. బతిమాలగా బతిమాలగా చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. ఆదివారం నేను కొత్త చైన్ వేయించి కొండ కిందికి తీసుకెళ్లాలి, తను బస్సులో వచ్చి చూస్తుంది. ధైర్యం వస్తే ఎక్కుతుంది, రాకపోతే బండి పరవాడకి. ఆ ఆదివారం గురించే ఇది. పాత బండి మీద కొండ ఎక్కాలనుకునే వాళ్లకి కాస్తయినా పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఇల్లు చేపల రేవుకి దగ్గర. ఏడింటికి బయలుదేరదామని చూస్తే, చేతిలో గ్రీజు డబ్బాతో గుమ్మంలో మా బావ అప్పలరాజు. రత్నానికి అన్నయ్య, బోటు మీద ఇంజను డ్రైవరు. వేట నుంచి వచ్చినప్పుడల్లా నా బండి చైన్‌కి గ్రీజు పట్టించడం అతని అలవాటు, ప్రేమ కూడా. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది కాబట్టి బోటులో ఏ ఇనప ముక్క కనిపించినా గ్రీజు మెత్తాలి. తాడు వదులైతే బోటు ఆగదు కాబట్టి ఏదైనా బిర్రుగా బిగించాలి. ఈ రెండు సూత్రాలనూ అతను నా బండి మీద కూడా ప్రయోగించాడు. చైన్ గలగలలాడుతోందని చెల్లెలు అంటే, స్పానర్ తెచ్చి వీణ తీగలాగా బిగించింది అతనే. నేనేమో పక్కన నిలబడి టీ తాగాను.

"తెగిందంటే నా పనితనం కాదు బావా, ఆ ఇనుమే మంచిది కాదు. పద, నానూ వత్తాను" అన్నాడు. వద్దంటే వినే మనిషి కాదు. అతికించిన పాత చైన్‌తో, వెనకాల బావతో, మెల్లగా కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం మీదుగా కంచరపాలెం చేరాం. ఆ దారిలో లారీలు ఎక్కువ, దుమ్ము ఇంకా ఎక్కువ. మెయిన్ రోడ్డు పక్కన ఇడ్లీ బండి దగ్గర ఆగి తలో ప్లేటు తిన్నాం. అల్లం చట్నీ ఘాటుకి బావ ముక్కు తుడుచుకుంటుంటే ఇడ్లీలు వేసే ఆమె నవ్వి, "సముద్రం మీద తిరిగినోడివి, అల్లానికి ఏడుత్తన్నావేటి?" అంది. ఇద్దరికీ కలిపి ఎనభై అయ్యింది. ఆదివారం తొమ్మిది దాటితే అక్కడ ఇడ్లీలు ఉండవు, ముందే వెళ్లండి.

పాత బండ్ల సామాన్ల కొట్టు నడిపే వరహాలమ్మకి ముందు రోజే ఫోన్ చేసి ఉంచాను. ఆమె రెండు రకాల చైన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి లింకుల మధ్య రబ్బరు రింగులున్న కొత్త రకం. లోపల జిడ్డు ఎక్కువ కాలం నిలుస్తుంది, ధర ఎక్కువ. రెండోది మామూలు చైన్. కొత్త రకం చూడగానే నా చెయ్యి అటే పోయింది. కానీ బండి దగ్గరికి తీసుకెళ్లి పట్టి చూస్తే అది కాస్త వెడల్పు, చైన్ కవరుకి ఒరుసుకుంటుంది. పాత బండ్లలో సందు తక్కువ. అందుకని మామూలు చైనే తీసుకున్నాను, తరచుగా నూనె వేసే పని నాదే అనుకుని. చైన్ సైజు, లింకుల లెక్క పాతదాన్ని పక్కన పరిచి సరిచూసుకోవాలి, మాటల మీద కొనకూడదు. ముందూ వెనకా పళ్ల చక్రాలు కూడా కొత్తవి కొన్నాను. అరిగిన పళ్లు కొక్కేల్లాగా వంగిపోతాయి, వాటి మీద కొత్త చైన్ వేస్తే అదీ ఏడాది తిరక్కుండా పోతుంది. అన్నీ కలిపి మూడు వేల లోపే పడింది.

అక్కడి నుంచి ఎన్‌ఏడీ జంక్షన్, గోపాలపట్నం మీదుగా కొండ కింద ఉన్న సూరిబాబు షెడ్డుకి వెళ్లాం. నా బండి ఇంజను విప్పి కట్టింది అతనే, చాన్నాళ్ల స్నేహం. అతను చక్రం విప్పుతుంటే నేను పాత చైన్‌ని కిరోసిన్ పళ్లెంలో వేసి బ్రష్‌తో కడిగాను. అడుగున నల్లటి బురద పేరుకుంది. బావ వేలితో తీసి నలిపి చూశాడు. అతని ముఖం మారిపోయింది.

"ఇసకేటి బావా ఇది?"

"ఇసుకే. దారిలో దుమ్మంతా నీ గ్రీజుకి అంటుకుంది. లోపలికి పోయి పేస్టులాగా అరగదీసింది. గ్రీజు మాత్రం లింకుల్లోకి దిగనే లేదు" అన్నాను.

"సముద్రంలో దుమ్మెక్కడుంటాది, నాకేటి తెల్సు?" అన్నాడు బావ నెమ్మదిగా. కాసేపు అటు తిరిగి కూర్చున్నాడు. పాపం, చెల్లెలి మోకాలు గుర్తొచ్చి ఉంటుంది. అతన్ని చూస్తే నా ప్రాణం ఉసూరుమంది.

పదకొండు గంటలకి రత్నం బస్సు దిగి వచ్చింది. చేతిలో సంపెంగ పూల పొట్లం, ముఖంలో అనుమానం. అప్పటికి కొత్త చైన్ ఎక్కింది. చైన్ రెండు కొనల్నీ కలిపే జోడు లింకుకి పెట్టే క్లిప్పు మూసి ఉన్న కొన చైన్ తిరిగే వైపే ఉండాలి, తిరగబడితే ఊడిపోతుంది. అది నేనే ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. ఇక మిగిలింది బిగింపు.

సూరిబాబు నన్ను అడిగాడు. "ఖాళీ బండికి సూత్తే సరిపోదు గురూ. బరువు పడితే బండి ఎనక స్ప్రింగు దిగతాది, సైన్ లాగతాది. మీ ఎనకాతల ఎవలు కూకుంటారు?"

బావ ఎగిరి వెనక కూర్చున్నాడు. సూరిబాబు అతన్ని ఎగాదిగా చూసి, "ఎండు సేపలాగున్నావు, నీ బరువుకి ఏటి దిగతాదయ్యా? అప్పగారూ, మీరు రండి" అన్నాడు.

"ఓలమ్మో! నా బరువు నలుగురిలో తూత్తారేటి?" అంది రత్నం. "నానెక్కనని సెప్పినాను కదా."

"ఎక్కొద్దు. కొలత అయ్యేదాకా కాసేపు కూకోండి సాలు."

కాసేపేగా అన్నట్టు కూర్చుంది. స్టాండు తీసేసి, కాళ్లు నేలకి ఆనించి ముందు నేను, వెనక తను. సూరిబాబు ముందుగా బావ పాత పద్ధతిలో బిర్రుగా బిగించి చూపించాడు. ఇద్దరి బరువూ పడేసరికి చైన్ కర్రలాగా బిగిసింది, వేలితో నొక్కితే కదల్లేదు. "ఆ మలుపులో గుంట తగిలినప్పుడు ఇంతకన్నా లాగుంటాది. అరిగిన సైన్, తెగదేటి మరి?" అన్నాడు. రత్నం కిందికి వంగి చూసింది. తర్వాత అతను వదులు చేస్తూ వచ్చాడు, బండిని కాస్త కాస్త ముందుకి జరిపిస్తూ అన్ని చోట్లా చూశాడు. చైన్ అంతటా ఒకేలా సాగదు కాబట్టి బిగుతైన చోటే కొలవాలి. చివరికి బావని పిలిచి, "నువ్వు సూడు" అన్నాడు. బావ వేలు పెట్టి కింద నుంచి పైకి తోశాడు. అంగుళం దాకా ఆడింది.

"ఆడతంది సెల్లీ" అన్నాడు. "ఇప్పుడు బాగుంది. ఇంక నాను ముట్టుకోను."

నట్లు బిగించడం అయిపోయింది. నేను బండి షెడ్డు బయటికి తీద్దామని చూస్తున్నాను, రత్నం దిగడం లేదు.

"దిగవేం?"

"దిగితే మళ్లీ ఎక్కడానికి బయమేత్తది మావా. ఎలాగూ కూకున్నాను. ఇలాగే పోనీ."

సూరిబాబు, బావ చెరో వైపు పట్టి బండిని రోడ్డు మీదికి తోశారు. బావని బస్సుకి వదిలేసి ఘాట్ రోడ్డు పట్టాం. తెగిన మలుపు దగ్గర నా భుజం మీద ఆమె గోళ్లు దిగబడ్డాయి. నాకూ భయమేసింది, అబద్ధం ఎందుకు. మలుపు దాటింది. ఇంకోటి దాటింది. అప్పుడు వెనక నుంచి గొంతు వినబడింది. "ఏటి మావా, ఎక్కుతన్నావా నడిపించుకెళ్తన్నావా? ఆటోలన్నీ దాటిపోతన్నాయి." ఆ తిట్టు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

దర్శనానికి గంటన్నర పట్టింది. దిగి వచ్చాక షెడ్డు దగ్గర బండి ఆపి, చైన్ వేడిగా ఉండగానే లోపలి వైపు నుంచి గ్రీజు కన్నా పల్చగా ఉండే గేరు నూనె చుక్కలు చుక్కలుగా వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేశాను. ఇప్పుడు వారానికోసారి ఇదే పని. చైన్ తెగింది కదా అని ఇనుమునే తిట్టుకుంటూ కూర్చుంటే బండి ఈపాటికి పరవాడలో ఉండేది. అరుగుదలకి ఒక కారణం ఉంటుందనీ, అది ఒక్కోసారి మనని ప్రేమించే వాళ్ల చేతిలోనే ఉంటుందనీ, దానికి వాళ్ల మీద కోపం అక్కర్లేదనీ ఆ రోజు నాకు అర్థమైంది. మనసు నిండుగా ఉంది. పాత బండి ఉన్నవాళ్లకి ఒక్క మాట: చైన్ వదులు చూసేటప్పుడు రోజూ మీ వెనక కూర్చునే మనిషినే కూర్చోబెట్టి చూడండి. బండి ఎక్కనన్నవాళ్లు కూడా, కాసేపు కూర్చోమంటే కూర్చుంటారు.