ఫిదెన్సియో కొయ్యలేని చోటు

పరాచో ఊళ్లో గిటార్లు చేసే ఫిదెన్సియో చెక్కని చూసే తీరే వేరు. బొటనవేలు నాలిక్కి అద్దుకుని చెక్క మీద రాస్తాడు. ఆ తడికి అలలు అలలుగా చారలు తేలితే చాలు, ఇక తిండి మాటే మరిచిపోతాడు. ఆ పలకని మందంలో రెండుగా చీల్చి, పుస్తకంలా విప్పి, ఇటు అల అటు అలతో అద్దంలో బొమ్మలా కలిసేదాకా జరుపుతూనే ఉంటాడు. లోపల సగం బోలుగా తొలిచిన ఎలక్ట్రిక్ గిటార్‌కి అదే మూత. దానికి రెండు పక్కలా వంపు తిరిగిన కంతలు కొయ్యాలి. కోసిన ముక్కల్ని పారెయ్యలేక జేబులో వేసుకుంటాడు. బట్టలు ఉతికేటప్పుడు వాటిని ఏరి దాచేది, తిడుతూనే, భార్య చోనా.

ఈసారి జేబులో ఒక్కటే దొరికింది. "రెండోది ఏదయ్యా, మింగేశావా?"

"కొయ్యలేదే. అక్కడి అల చూస్తే చెయ్యి రాలేదు."

"బాగుంది సంబడం! నెరెయోకి ఏం చెప్తావు?"

గిటార్ చేయించుకుంటున్న ఆ కుర్రాడు సాయంత్రం రానే వచ్చాడు. "ఇదేంటి మాస్టారూ, ఒంటికన్నుది చేశారు? రెండోది కూడా కొయ్యండి. లేకపోతే పక్క కొట్లో చేయించుకుంటా."

ఫిదెన్సియో తల వంచుకుని రంపం అందుకున్నాడు. వంటింట్లోంచి చోనా పిండి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బొటనవేలు నాలిక్కి అద్దుకుని, ఆ కొయ్యని చోట మెల్లగా రాసింది. పొడి చెక్కలోంచి అలలు ఒక్కొక్కటే లేచాయి.

"ఇప్పుడు చెప్పు బాబూ, ఎక్కడ కొయ్యమంటావు?"

నెరెయో, ఫిదెన్సియో చేతిలోని రంపం తీసి బల్ల మీద పెట్టాడు.