సర్వరమ్మ నిన్న ముట్టుకున్నది

సర్వరమ్మకు అసలు పేరు ఒకటుంది. హాజరు పట్టీలో తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ ల్యాబు ఆమె చేతికింద ఉంది. ఆ ల్యాబును నడిపే సర్వర్ మూలగదిలో ఉంది, దాని తాళం ఆమె మెడలో ఉంది. అందుకని సర్వరమ్మ అయింది. యాభై మూడేళ్లు. టార్చి నోట కరుచుకుని బల్లకింద దూరిందంటే తప్పు దొరక్కుండా పైకి రాదని పేరు. ఆ పేరంటే ఆవిడకు కాస్త మోజు కూడా, అబద్ధమెందుకు.

ల్యాబులో ఇరవై నాలుగు కంప్యూటర్లు. ఒక్కదాని కడుపులోనూ డిస్కు లేదు. స్విచ్చి వేయగానే ప్రతిదీ వైరు వెంట కేక పెడుతుంది: నా అడ్రసేంటి? నేను లేవడానికి కావలసిన ఫైలు ఎక్కడుంది? మూలగదిలోని సర్వర్ రెంటికీ జవాబు చెప్పి ఫైలు పంపుతుంది. మూడేళ్ల కిందట నెలకో డిస్కు చొప్పున చచ్చిపోతుంటే, అన్నీ పీకించి ఈ పద్ధతి పెట్టించింది సర్వరమ్మే. బస్సు డిపోలో టైర్లు చూసే ఆమె భర్త ఆ రోజు అన్నం ముందు కూర్చుని ఆరా తీశాడు.

"అంటే ఇరవై నాలుగు బస్సులకీ ఒకటే ఇంజనా?"

"అవును. ఆ ఇంజను పక్కన నేనుంటాగా!"

అలాంటి ల్యాబు, పరీక్ష రోజున, పొద్దున్న తొమ్మిదింటికి మొండికేసింది. ఇరవై నాలుగింటిలో తొమ్మిది లేచాయి. మిగతావి నల్లటి తెర మీద రెండు వరుసలు చూపించి ఊరుకున్నాయి. అన్నీ ఆపి మళ్లీ వేస్తే ఈసారి పదకొండు లేచాయి. చిత్రమేమిటంటే ఇందాక లేచినవాటిలో నాలుగు పడుకున్నాయి!

ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకుంటూ వచ్చారు. వరండాలో అభ్యర్థులు అప్పుడే బారులు తీరారు.

"మేడం, పదింటికి ఇవి లేవకపోతే పరీక్ష వాయిదా వేయాలి. వాయిదా పడిందంటే రేపే డిస్కులు పెట్టించేస్తాను. మీ పద్ధతి ఇక చాలు."

"పదింటికి లేస్తాయి సార్," అంది సర్వరమ్మ, ఎలాగో తనకే తెలియకపోయినా.

ఆమెకో అలవాటుంది. ఏది చెడినా ముందు గది మధ్యలో నిలబడి, "నిన్న ఎవరు ఏం ముట్టుకున్నారు?" అని అందర్నీ అడుగుతుంది. కోప్పడదు. సగం జబ్బులు ఆ ప్రశ్నతోనే తేలిపోతాయి. ఫ్యాను పెట్టుకోవడానికి సర్వర్ ప్లగ్గు పీకిన సంగతి టైపింగు టీచరు ఒకసారి అలాగే ఒప్పుకుంది. ఈసారి ఆవిడ రెండు చేతులూ పైకెత్తి, "నీ తోడు, నేను కాదొదినా!" అంది. ఇక మిగిలింది గదులన్నిటికీ తాళాలు చూసుకునే తాళాలాయన.

"అన్నా, నిన్న తుడిచేటప్పుడు వైర్లేమైనా కదిపావా?"

"తుడిచేవాణ్ణి కాదమ్మా, తుడిచేవాళ్లకి తలుపు తీసేవాణ్ణి. తలుపు కూడా నెమ్మదిగానే తీశా."

"నువ్వు నెమ్మదిగా తీశావంటే నమ్మమంటావా?"

"నమ్మకపోతే తలుపునే అడగండి," అని ఆయన మొహం ముడుచుకుని కిటికీ వైపు తిరిగాడు.

సర్వరమ్మ పనిలో పడింది. సర్వర్ బతికే ఉంది. పంపాల్సిన ఫైలు ఉండాల్సిన చోటే ఉంది. వైర్ల దీపాలన్నీ పచ్చగా మినుకుమంటున్నాయి. ఓ కంప్యూటర్‌కు వైరు మార్చింది, లేవలేదు. అదే వైరు లేచినదానికి పెడితే శుభ్రంగా లేచింది. వైరు తప్పయితే తప్పు ఒకచోట కూర్చుంటుంది, ఇలా కుర్చీలు మారదు. ఎవరో రెండు రకాల జవాబులు చెబుతున్నట్టుంది. తెర మీది వరుసలు చదివేలోపే మాయమవుతున్నాయని ఫోను ఎదురుగా పెట్టి వీడియో తీసి, ఆపి చూసింది. అడ్రసు అందింది. ఫైలు పేరు అందలేదు. పైగా ఆ అడ్రసు వింతగా ఉంది. ల్యాబులో అడ్రసులన్నీ పదితో మొదలవుతాయి, ఇది నూట తొంభై రెండుతో మొదలైంది.

"ఇంట్లో ఇంకో పెద్దమనిషి చేరాడు. అడిగినవాళ్లకల్లా అడ్రసులు పంచుతున్నాడు," అంది.

"దొంగా?" టైపింగు టీచరు గుండె మీద చెయ్యి వేసుకుంది.

"దొంగయితే తీసుకుపోతాడు గానీ పంచుతాడా?"

ఎవరి జవాబు ముందు చేరితే కంప్యూటర్లు వాళ్లనే నమ్ముతున్నాయి. సర్వర్ ముందు పలికితే లేస్తున్నాయి, ఆ రెండోవాడు ముందు పలికితే అడ్రసు పట్టుకుని దిక్కులు చూస్తున్నాయి. వాడెవడో చూద్దామని సర్వరమ్మ తన ల్యాప్‌టాప్‌ను అదే వైరుకు తగిలించి, అడ్రసు ఇచ్చినవాడి నంబరు కొట్టింది. ఓ పేజీ తెరుచుకుంది. పైన పెద్దక్షరాల్లో వైఫై పేరు: పక్కింటివాళ్లు వాడరాదు.

సర్వరమ్మ నాలుక కరుచుకుంది. ఆ పేరు పెట్టింది తనే. నిన్న సాయంత్రం ప్రింటర్‌ను పక్క గదిలోకి మార్చినప్పుడు వైరు పెట్టడానికి ఓ కన్నం తక్కువైంది. అటక మీద పడున్న ఇంటి పాత ఇంటర్నెట్ డబ్బా, అదే వైఫై రూటరు, గుర్తొచ్చి, తెచ్చి బల్లకింద తగిలించింది. దానికి నాలుగు కన్నాలున్న సంగతి గుర్తుంది గానీ, అడ్రసులు పంచే అలవాటు కూడా ఉందన్న సంగతి గుర్తు లేదు. ఆ అలవాటు మాన్పించాకే తగిలించాలని ఏటా విద్యార్థులకు బోర్డు మీద రాసి చెప్పేది కూడా తనే! నిన్న ఎవరు ఏం ముట్టుకున్నారని ఊరందర్నీ అడిగిన మనిషి తనను తాను అడుక్కోలేదు.

బల్లకింద దూరి డబ్బా పీకింది. మీటలన్నీ మళ్లీ వేసింది. ఒకటి, ఐదు, పదహారు, ఇరవై నాలుగు. తొమ్మిదీ నలభై ఏడు.

"ఏమైందంట?" ప్రిన్సిపాల్ గారు గుమ్మంలో నిలబడ్డారు.

సర్వర్ కాస్త మొరాయించింది సార్, అనొచ్చు. అంటే నమ్ముతారు, తన పేరూ చెక్కుచెదరదు. కానీ సర్వర్ మొరాయిస్తుందని రుజువైతే రేపు డిస్కులొస్తాయి. డబ్బా చేతిలో పట్టుకుని, మోకాళ్ల మీది దుమ్ముతోనే నిలబడింది సర్వరమ్మ.

"పద్ధతిది తప్పు కాదు సార్, నాది. నిన్న మా ఇంటి డబ్బా తెచ్చి చూసుకోకుండా తగిలించా. పాపం తాళాలన్నను నిలదీశా కూడా. అన్నా, తప్పయిపోయింది."

"తలుపుకి కూడా చెప్పండమ్మా," అన్నాడు తాళాలాయన, మొహం విప్పారుతుండగా.

ప్రిన్సిపాల్ గారు డబ్బా వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశారు. "అయితే డిస్కులు పెట్టించక్కర్లేదు. మిమ్మల్ని మార్చాలన్నమాట."

"మార్చండి సార్. కొత్తగా వచ్చేవాళ్లకి పని నేర్పడానికి నేనో మూడేళ్లు ఇక్కడే ఉండాల్సొస్తుంది."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. "డిస్కుల మాట ఇక ఎత్తను. వాళ్లను లోపలికి రమ్మనండి."

పదింటికి ఇరవై నలుగురూ కూర్చున్నారు. ముందు వరుసలో ఒకమ్మాయి కీబోర్డు మీద చెయ్యి పెట్టబోతూ ఆగి, "మేడం, ఇది మధ్యలో ఆగిపోదు కదా?" అని అడిగింది.

"ఆగదమ్మా," అంది సర్వరమ్మ ధీమాగా. "దీన్ని ఆపగలిగేదాన్ని నేనొక్కదాన్నే. పరీక్ష అయ్యేదాకా చేతులు కట్టుకునే ఉంటా, నువ్వు రాసుకో."