కలిపే చెయ్యి

మా అన్న కొడుకు భార్యను వీధిలో అందరూ ముక్కలమ్మ అంటారు. పేకాడుతుందని కాదు. ఆమె బీరువాలో చీరల కంటే టారో ముక్కల కట్టలు ఎక్కువ. ఒక్కో కట్ట ఒక్కో విషయం మీద ఉంటుంది. కొనేవాళ్ళు వాటితో జోస్యం చెప్పుకుంటారు. ఈవిడ చదువుకుంటుంది.

పద్ధతి చాలా తేలిక. పొద్దున్నే కళ్ళు మూసుకుని ఒక ముక్క తీస్తుంది. ఆ రోజుకి అదే పాఠం. బొమ్మ చూసి, వెనకాల రాసింది చదివి, పని చేసుకుంటూ దాన్నే నెమరేస్తుంది. సాయంత్రానికి ఎవరో ఒకరికి కథలా చెప్పి ముక్కను మళ్ళీ కట్టలో పెట్టేస్తుంది.

ఎముకల కట్ట నడుస్తున్న రోజుల్లో ఆమె ఎదుట నిలబడాలంటే నాకు సిగ్గేసేది. చొక్కా తొడుక్కున్నా ఎక్స్‌రే తీసినట్టే చూసేది. ఒకసారి పక్కింటావిడ వచ్చి, "మా వాడికి ఉద్యోగం ఎప్పుడొస్తుందో ఓ ముక్క తియ్యమ్మా," అంది. మోకాటి చిప్ప వచ్చింది.

"పుట్టినప్పుడు ఇది గట్టి ఎముక కాదండీ. మెత్తగా ఉంటుంది," అంది మా కోడలు. "మీ వాడు కూడా ఇంకా గట్టిపడలేదు. కాస్త ఓపిక పట్టండి."

పక్కింటావిడ ఇంటింటికీ వెళ్ళి ఈ జోస్యం చెప్పుకుని మురిసిపోయింది.

కోడలి ఉద్యోగం నక్షత్రశాలలో. గుండ్రటి గోపురం కింద చీకటి హాలు, పైన మిషను వేసే చుక్కలు. ఈవిడ టార్చిలైటు పట్టుకుని జనాన్ని కుర్చీల దాకా తీసుకెళ్తుంది. ఆట మొదలవగానే తలుపు మూసి బయట స్టూలు మీద కూర్చోవాలి. ఏళ్ళ తరబడి ఆకాశం గడప దగ్గరే ఉంది గాని లోపలికి పోలేదు. లోపల ఎర్రటి వెలుగు బాణం చూపిస్తూ చుక్కల కథ చెప్పే వ్యాఖ్యాత కావాలని ఆమె కోరిక. ఆ పనిలో ఉన్న పెద్దాయన పదవీ విరమణ చేస్తాడని తెలియగానే ఆకాశం కట్ట తెప్పించుకుంది.

ఆమె తోడికోడలు, అంటే నా రెండో అన్న కొడుకు భార్య, అదే చోట టికెట్ల కిటికీలో కూర్చుంటుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో కింద ఒకరు, మేడ మీద ఒకరు. అక్కా అంటే చెల్లీ అనుకుంటూ, ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చేవారు. పొద్దున్నే కాఫీకి చిన్నది కిందికి దిగేది. అలా ఇద్దరికీ ఒక నియమం ఏర్పడింది. కలిపే చెయ్యి వేరు, తీసే చెయ్యి వేరు. చిన్నది కలుపుతుంది, పెద్దది తీస్తుంది. తానే కలిపితే ఇష్టమైన ముక్క మీదకి చెయ్యి పోతుందని పెద్దదాని భయం. కట్టతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని కూడా, ముందే అన్నీ తెలిసిపోతాయని, విప్పకుండా అటక మీద పడేసింది.

ఒక్కోసారి తీసిన ముక్కే మళ్ళీ మళ్ళీ వచ్చేది.

"మళ్ళీ మిథునమేనే!"

"దానికి నువ్వంటే ప్రేమక్కా. ఇంకా నేర్చుకోమంటోంది."

పెద్దది నవ్వి మళ్ళీ నేర్చుకునేది. "ఈ రెండు చుక్కలూ మనలాంటి తోడికోడళ్ళే. కింద నుంచి చూస్తే ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకున్నట్టుంటారు. నిజానికి ఒకతె చాలా దూరం," అని చెప్పేది. చిన్నది బుగ్గన చెయ్యి పెట్టుకుని వినేది.

"నువ్వూ దరఖాస్తు పెట్టవే," అని ఒకసారి పెద్దదే అంది.

"అమ్మో, అంతమంది ముందు నా నోరు పెగలదక్కా. నువ్వు చెబితే చాలు, నేను టికెట్లు చించుకుంటాను."

పరీక్ష నాడు డైరెక్టరుగారు లైట్లార్పి గోపురం మీద వేసవి ఆకాశం వేశారు. మొదట అడిగినవన్నీ కోడలు గడగడా చెప్పేసింది. కుర్చీల్లో ఉన్న పెద్దలు రెండుసార్లు నవ్వారు కూడా. అప్పుడాయన నడినెత్తిన మెరుస్తున్న మూడు చుక్కలు చూపించి, "ఈ త్రికోణం గురించి చెప్పమ్మా," అన్నారు.

ఆమె చేతిలో ఎర్ర బాణం ఆగిపోయింది.

"అది... నాకింకా పడలేదండీ."

"పడలేదా? అంటే?"

ఎలా చెబుతుంది? ఆ ముక్క ఒక్కనాడూ తన చేతికి రాలేదని పెద్దమనుషులకు ఎలా విడమరుస్తుంది? దండం పెట్టి బయటికి వచ్చి, అలవాటుగా తన స్టూలు మీదే కూర్చుంది. తరువాతి పేరు పిలిచారు. టికెట్ల కిటికీ వైపు నుంచి ఇస్త్రీ చీర కట్టుకుని చిన్నది వచ్చింది. ఈమె వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది.

తలుపు సందులోంచి అన్నీ వినబడ్డాయి. తోడికోడళ్ళ చుక్కల కథ వినబడింది, దానికి నవ్వులు వినబడ్డాయి. ఆ వెంటనే, చిన్నదాని మాటల్లో హంస మెడ చాచి పాలపుంత మీదుగా ఎగిరింది. పక్కన వీణ మోగింది. కింద గద్ద రెక్క విప్పింది. మూడు చుక్కలు, త్రికోణం.

ఆ సాయంత్రం మా కోడలు మొదటిసారి కట్టను తన చేత్తో విప్పింది. నేల మీద ఆకాశం పరిచింది. పక్కపక్కన ఉండాల్సినవి పేర్చుకుంటూ పోయేసరికి నడుమ నల్ల గచ్చు కనిపించింది. హంస లేదు, వీణ లేదు, గద్ద లేదు, వాటి చుట్టుపక్కల వాళ్ళెవరూ లేరు.

నేను అక్కడే ఉన్నాను. చిన్నది మెట్లు దిగి వచ్చి ఆ ఖాళీని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎప్పుడు తీశావే?"

"కట్ట వచ్చిన వారమే."

"ఒక్క మాట అంటే నేనే తప్పుకునేదాన్ని కదే!"

"తప్పుకుని ఇంటిల్లిపాదికీ చెప్పుకునేదానివి. పాపం చెల్లి కోసం వదులుకున్నానని," అంది చిన్నది. "రోజూ నువ్వు చెప్పాలి, నేను వినాలి. నువ్వు తియ్యాలి, నేను కలపాలి. నాదంటూ ఒక్క చుక్కయినా ఉండద్దా అక్కా?"

"నేను కళ్ళు మూసుకునేదాన్నే," అంది పెద్దది.

ఉద్యోగం చిన్నదానికే వచ్చింది. ఆర్డరు అందిన రోజు, తను దాచుకున్న ముక్కలన్నీ తెచ్చి వంటగట్టు మీద పెట్టింది. పెద్దది వాటిని ముట్టుకోలేదు. "అవి నీవి. పట్టుకెళ్ళు," అంది. ఇప్పుడు ఆ ఇంట్లో కింద ఒక చిల్లు ఆకాశం, మేడ మీద దాని అతుకు ఉన్నాయి. బస్సు మాత్రం ఇద్దరికీ ఒకటే, సీట్లు వేరు. లోపల ఆట నడుస్తుంటే బయట ఈమె స్టూలు మీద కూర్చుని, తన మాటలకు జనం ఎక్కడ నవ్వుతారో ముందే తెలిసి, టార్చి అద్దం తుడుచుకుంటూ ఉంటుంది.

మొన్న పొద్దున్న కాఫీ తాగుదామని వెళితే, కొత్త కట్ట ఒకటి నా ముందు పెట్టింది. సముద్రాల మీదట.

"మీరు కలపండి చిన్నమామయ్యా. తీసే చెయ్యితో కలపకూడదు కదా."

పొంగిపోయాను. వెనకటికి పేకాటలో నేను ముక్కలు కలుపుతుంటే గాలికి పక్క వీధి తలుపులు కొట్టుకునేవి. కట్ట అందుకుని, "మరి కళ్ళు మూసుకో," అన్నాను.

మూసుకోలేదు. నా ముఖం వైపు కూడా చూడలేదు.

"ముందు ఆ చొక్కా చేతులు పైకి మడవండి," అంది.