తమ్ముడి ఆల్బమ్ మీద వేటకత్తి

ఈ రోజు మా తమ్ముడి మొదటి ఆల్బమ్ విడుదలైంది. ఇన్నేళ్లూ బంగారుపాళ్యంలో మా మిద్దె మీద గిటారు పట్టుకుని, తానే రాసి, తానే పాడి ఆన్‌లైన్‌లో పెట్టుకున్న రాక్ పాటలవి. ఈసారి ముంబైలోని ఓ పెద్ద మ్యూజిక్ కంపెనీ వాటిని తీసుకుంది. సాయంత్రం ఇంటిల్లిపాదీ ఒకే ఫోన్ చుట్టూ చేరాము.

ముఖచిత్రంలో తమ్ముడి చేతిలో గిటారు లేదు. వేటకత్తి ఉంది.

"ఈ కత్తి యాడిదిరా?" అని అడిగాడు నాయన.

"కంపెనీవోళ్లు పెట్టినారు నాయనా. సీమోడంటే కత్తి ఉండాలంట. లేకుంటే జనం గుర్తుపట్టరంట."

"అదా సంగతి! అరవై ఏండ్లుగా ఈడనే ఉండానే, నన్నెవురూ గుర్తుపట్టరేమా అనుకుంటా ఉండా."

పాట పెట్టాము. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేసి వచ్చే అమ్మ చేతుల వాసన మీద వాడు మెల్లగా పాడుకునే పాట అది. ఇప్పుడు "రేయ్!" అన్న అరుపుతో మొదలై, బాంబుల మోత మధ్య సాగింది. అందులో అమ్మ ఊసే వినపడలేదు. అమ్మ మాత్రం "బాగుండాది నాయనా" అని వాడి తల నిమిరి వంటింట్లోకి వెళ్లిపోయింది.

వాడు గిటారు తెచ్చుకుని, వంటింటి గడప దగ్గర కూర్చుని, మొదట రాసుకున్నట్టే పాడాడు. అమ్మ స్టవ్ ఆపి, నిలబడి విన్నది.

"ఈ పాట కదబ్బా కంపెనీకి ఇయ్యాల్సింది?" అన్నాడు నాయన.

"ఇచ్చింది ఇదే నాయనా."

మీ ఊరి పేరు చెప్పగానే బయటివాళ్లు మీ చేతిలో ఏం పెడతారో కాస్త చెప్పండి.