మత్వెయ్ షూబినా

క్లావ్డియా యెగోరోవ్నా షూబినాకు కోపం కొత్త కాదు. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి చేతులు కాయలు కాసిన మనిషి. మొగుడు షూబిన్ ఆమెను ఈ జర్మనీ ఊరికి తీసుకొచ్చి, రెండో చలికాలానికే తాగుడు నేస్తాలతో ఎటో పోయాడు. కూతురు రిమ్మాను ఒంటిచేత్తో పెంచింది. పై వాటాలో పుస్తకం పట్టుకు కూర్చున్న నాకు, మెట్లమీద ఆమె అడుగుల చప్పుడు చాలు, ఇవాళ ఎవరికో మూడిందని తెలిసిపోయేది.

మనవడు మత్వెయ్ పుట్టినప్పుడు వచ్చిన కోపం మాత్రం వేరు.

మా రష్యా వాళ్లలో ఇంటిపేరు మగవాడికి షూబిన్, ఆడదానికి షూబినా. ఇది మాకు పాలతో వచ్చిన తెలివి. పుట్టిన పిల్లల పేర్లు రాసుకునే ఇక్కడి ఆఫీసుకు ఆ గొడవ లేదు. రిమ్మాకు పెళ్లి కాలేదు; బిడ్డ తండ్రి గ్లెబ్ మొహం చాటేశాడు. కనుక తల్లి పేరే బిడ్డకు, ఉన్నదున్నట్టు.

“చివర్న ఒక్క అక్షరం కొట్టెయ్యమన్నాను!” అని నా వంటింట్లో బల్ల గుద్దింది. “తల్లి పేరు అదేగా అంటుంది ఆ ఆఫీసు పిల్ల, నవ్వుతూ. మగపిల్లాడే తల్లీ, గుడ్డ విప్పి చూపించనా అన్నాను.”

“చూపించావా?”

“రిమ్మా చెయ్యిపట్టి లాక్కొచ్చేసింది.”

బిడ్డ తనదని గ్లెబ్ సంతకం పెడితే వాడి పేరు పెట్టొచ్చు. మగపేరు. రిమ్మా ససేమిరా అంది.

“నీ మీదొట్టు అమ్మా, వాడి గుమ్మం తొక్కను. నా బిడ్డకు నా పేరు చాలు.”

“నీకు చాలు! వాడికి మీసాలొచ్చాక? గౌను కూడా కుట్టించు!”

శనివారం ఆమే బండిలో పిల్లాణ్ణి పడుకోబెట్టుకుని మా వాళ్ల కొట్టుకు బయల్దేరింది. గ్లెబ్ అక్కడ పొగబెట్టిన చేపలు తూస్తాడు. వరసలో నేనూ ఉన్నాను. సంతకం పెట్టమని ఆమె గొంతు తగ్గించి అడిగింది. అంత మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

వాడు గొంతు పెంచాడు. “పేరేంటన్నారు? షూబినానా? మరి ఆడపిల్లేగా క్లావ్డియా యెగోరోవ్నా! నాకు ఆడపిల్లలెవరూ లేరే!”

వరసంతా గొల్లుమంది. “రిబ్బను కట్టండి, ముద్దొస్తాడు,” అంది ఒకావిడ. నాకు ఒళ్లు మండింది. నవ్విన వాళ్లలో ఒక్కరి పేరూ ఈ ఊరు సరిగ్గా పలకదు. ఆ అవమానమంతా తీర్చుకోవడానికి వీళ్లకు చంటివాడు దొరికాడు.

క్లావ్డియా యెగోరోవ్నా వంచిన నడుం ఎత్తింది.

“అవునురా, షూబినాయే! షూబిన్ అన్నవాడు పారిపోయాడు. నువ్వు చేపల వెనక దాక్కున్నావు. పిల్లల్ని సాకింది షూబినాలే. ఇక నువ్వు కాళ్లు పట్టుకున్నా సరే, నీ పేరు మాకొద్దు!”

బండి వెనక్కి తిప్పింది. రిబ్బను కట్టమన్నావిడ కాలిమీదుగా చక్రం పోయింది. పొరపాటున కాదు.

నేనూ చేపలు కొనకుండానే ఆమె వెంట వచ్చేశాను. ఇంటికొచ్చినా కోపం చల్లారలేదు. ఈసారి కూతురి మీద.

“నీ పంతమే నెగ్గింది, సంతోషమా? రేపు బళ్లో వీణ్ణి చూసి ఎవడైనా నవ్వాడో, నేనే వెళ్లి పళ్లు రాలగొడతా, ముందే చెబుతున్నా.”

“నువ్వెవరని అడుగుతారమ్మా.”

“అడగమను! షూబినానని చెబుతా.”