వైఫై నిలబెట్టిన మా అక్క

పోయిన నెల ఒక ఉదయం ప్రొద్దుటూరులో రెండో పీరియడ్‌కు వెళుతుంటే మా బావ ఫోన్ చేశాడు. "మీ అక్క పోయింది పాపా" అని పెట్టేశాడు. అక్క అంటే నా తోడబుట్టినది కాదు, తోడికోడలు. పులివెందుల బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. గుండెపోటు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట.

ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. అంతకన్నా ముందు మీకొక నిజం చెప్పాలి. ఆమెను చూసి నేను ఏళ్ల తరబడి కుళ్లుకున్నాను.

నేను ఎంసీఏ చదివి జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అక్క ఇంటర్‌తో ఆపేసింది. జమ్మలమడుగులో మా అత్త ఇంటికొచ్చిన ప్రతివారికీ చిన్నకోడలు కంప్యూటర్ చదివిందని చెప్పుకునేది. వింటూ పక్కగదిలో నేను మురిసిపోయేదాన్ని.

ఒక ఏడు కాలేజీవాళ్లు మాకు విండోస్ బదులు లినక్స్ వేసిన ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. నాదాంట్లో వైఫై ఐదు నిమిషాలు ఉండేది, పోయేది. ఆన్‌లైన్ క్లాసులో పిల్లల తెరల మీద నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే బిగుసుకుపోయేదాన్ని. రౌటర్ మార్చాను. లినక్స్ తీసేసి మళ్లీ వేశాను. షాపుల్లో అడిగితే విండోస్ వేయించుకోండి మేడం అన్నారు.

మామ తద్దినానికి అందరం జమ్మలమడుగులో కలిశాం. నేను ల్యాప్‌టాప్‌తో కుస్తీ పడుతుంటే అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"ఎప్పుడు పోతాంది పాపా? ఛార్జర్ పెట్టినప్పుడా, పీకినప్పుడా?"

నేనది గమనించనే లేదు. ఆమె ఛార్జర్ పీకి, ఓపిగ్గా చూసింది. వైఫై పోయింది. పెట్టి చూసింది. నిలబడింది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు కరెంటు ఆదా చేయడానికి మెషిన్ వైఫైని నిద్రపుచ్చుతోందని అప్పుడు నాకర్థమైంది. అక్క ఆ ఆదాను ఆపేసింది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు సెట్టింగుల ఫైలు తెరిచి, ఇంగ్లీషు అక్షరాల కింద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ, ఒక లైను రాసి భద్రపరిచింది. ఆ తర్వాత అది ఎప్పుడూ పోలేదు.

"దానికేం నొప్పో ముందు దాన్నే అడగల్ల. అడక్కుండా మందేస్తే ఎట్ల?" అంది.

ఆ సాయంత్రం అత్త వచ్చినవాళ్లతో పెద్దకోడలి గురించి చెప్పింది. పక్కగదిలో నాకు అన్నం సయించలేదు.

కాలేజీలో మిగతా లెక్చరర్ల ల్యాప్‌టాప్‌లకూ అదే రోగం. అక్క రాసిన లైనే అన్నింటిలో రాశాను. ఎవరు కనిపెట్టారని ప్రిన్సిపల్ అడిగితే నేనే అన్నాను. కొన్నాళ్లకు ల్యాబ్ చూసుకోవడానికి లినక్స్ తెలిసిన మనిషి కావాలన్నారు. డిగ్రీ లేకున్నా ఫర్వాలేదట. మీ ఎరుకలో ఎవరన్నా ఉన్నారా అని నన్నే అడిగారు. ఎవరూ లేరు సార్ అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు క్షణం కూడా పట్టలేదు.

తర్వాత ప్రిన్సిపల్ ల్యాప్‌టాప్‌లోనే వైఫై పోవడం మొదలైంది. నా లైను దానికి పనిచేయలేదు. వేరే దారిలేక దాన్ని సంచిలో పెట్టుకుని పులివెందుల బస్సెక్కాను.

అక్క సెంటర్లో స్టీలు గిన్నెలో బొరుగులు తింటూ ఉంది. పాత దరఖాస్తుల వెనక వైపు, ఇంగ్లీషు కమాండ్లను తెలుగు అక్షరాల్లో రాసి గోడకు అంటించుకుంది. నన్ను చూసి గిన్నె నా ముందుకు జరిపింది. ల్యాప్‌టాప్ ఎవరిదని అడిగింది. అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. మొత్తం చెప్పేశాను. ల్యాబ్ ఉద్యోగం సంగతీ చెప్పాను.

ఆమె గోడ మీద ఊడుతున్న ఒక కాగితాన్ని అదిమి అంటించింది.

"అడిగింటే వచ్చేదాన్నే పాపా. ఆ పనంటే నాకు శానా ఇష్టం" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. అక్క కుర్చీలోంచి లేచి నన్ను అందులో కూర్చోబెట్టింది.

"ఈసారి నువ్వే చెయ్యి. నేను చెప్తా."

ఎప్పటినుంచి పోతాందని అడిగింది. మొన్న అప్‌డేట్ అయినప్పటినుంచి అన్నాను. మళ్లీ ఆన్ చేసి, మెనూలో అప్‌డేట్‌కు ముందున్న పాత కెర్నల్‌ను, అంటే లినక్స్ మూలభాగాన్ని, ఎంచుకోమంది. వైఫై నిలబడింది. కొత్తదాంట్లో లోపం సరిచేసేదాకా దీంతోనే నడిపించమంది. మరుసటి రోజు ప్రిన్సిపల్‌కు అక్క సంగతి చెప్పాను. అప్పటికే ల్యాబ్‌లోకి మనిషిని తీసుకున్నారు.

ఆ తర్వాత నేను ఎన్నిసార్లు పులివెందుల పోయినా ఆమె ఆ ఊసెత్తలేదు. అడిగినదల్లా నేర్పింది. నేర్చుకుంటూ కూడా కుళ్లుకున్నాను. ఎంసీఏలో నాకెవరూ ఇంత విడమరిచి చెప్పలేదు.

పెద్దకర్మ అయ్యాక పులివెందుల పోయాను. బావ బత్తాయిలు కోయించడానికి చీనీ తోటకు వెళ్లాడు. సెంటర్ షట్టర్ దించి ఉంది. లోపల రౌటర్‌ను ఎవరూ ఆపినట్టు లేరు. మెట్ల మీద ఇద్దరు ఆడపిల్లలు ఒళ్లో ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని ఏవో దరఖాస్తులు నింపుకుంటున్నారు. వాళ్లకు నేనెవరో తెలియదు. నేనూ సిగ్నల్ కోసమే వచ్చాననుకుని ఒకమ్మాయి పక్కకు జరిగింది.

"ఈడ కూచోండి మేడం. ఈ మూలకు బాగా వస్తాది."